పరుగెత్తి నీళ్ళు తాగిన కథ

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మన పెద్దవాళ్ళు ఏనాడో చెప్పి పెట్టారు. 2023 జూలై నుంచి 2024 జనవరి దాకా, వారానికి నాలుగు రోజులు, తెల్లవారుఝామున నాలుగు గంటలకి నేను బూట్ల తాళ్ళు ముడివేసుకుంటున్నప్పుడల్లా ఈ సామెత మా అమ్మ నోట వినవలసి వచ్చేది. దాని వెనకే నెల్లూరు యాసలో ఒక ప్రశ్న కూడా వుండేది.

"ఏం అబ్బయా, ఎవరు తరుముతున్నారని ఈ పరుగు?"

అప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పే ఓపిక లేక కాదు, నిజంగా తెలియక. ఇప్పుడు కాస్త తెలిసినట్టుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను క్రీడాకారుణ్ణి కాను. పతకాలేమీ రాలేదు. మద్రాసుకి ఉత్తరపు కొసన వున్న ఎన్నూరులో ఒక కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేసుకునే మామూలు సంసారిని. నలభై ఆరేళ్ళ వయసులో నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాలన్న పిచ్చి పట్టింది. ఆ పిచ్చి కథే ఇది.

చక్కెర చెప్పిన పాఠం

ఏటేటా కంపెనీ వాళ్ళు చేయించే వైద్య పరీక్షల్లో 2022లో నా చక్కెర బయటపడింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.1 అని వచ్చింది. డాక్టరుగారు కాగితం చూసి, నన్ను చూసి, నా పొట్ట చూసి, "మందు రాస్తాను, నడక మీరు రాసుకోవాలి" అన్నారు.

మా ఇంట్లో చక్కెర కొత్త చుట్టం కాదు. మా నాన్నకి కాలి వేలు తీసేసిన రోజు నాకు బాగా గుర్తు. ఆసుపత్రి వరండాలో అమ్మ తులసిమాల తిప్పుతూ కూర్చుంది. నాన్న మాత్రం బయటికి వస్తూనే "తొమ్మిది వేళ్ళున్నాయిగా, చాలు" అని నవ్వించబోయారు. ఎవరికీ నవ్వు రాలేదు.

అందుకని నడక మొదలుపెట్టాను. కండరం పని చేస్తున్నంతసేపు రక్తంలోని చక్కెరని తనంతట తానే లాక్కుంటుందట, ఇన్సులిన్ సరిగ్గా సహకరించకపోయినా సరే. ఈ ముక్క తెలిసిన తర్వాత రాత్రి భోజనమయ్యాక కూడా వీధి చివరిదాకా వెళ్ళి రావడం అలవాటు చేసుకున్నాను. మూడు నెలలకి నడక కాస్తా మెల్లని పరుగయింది. ఎలా అయిందో నాకే తెలియదు. ఒక సాయంత్రం రైలు దిగేసరికి వాన అందుకుంది. స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తుకొచ్చాను. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతుంటే చిన్ననాటి సంగతేదో గుర్తుకొచ్చినట్టు నవ్వొచ్చింది. మా ఆవిడ తువ్వాలు చేతికిచ్చి, "గొడుగు సంచిలోనే వుంది కదండీ" అంది.

మా ఊరి దారి

ఎన్నూరు చూడని వాళ్ళ కోసం కాస్త చెబుతాను. తూర్పున సముద్రం, ఉత్తరాన కొసస్థలై ఆరు సముద్రంలో కలిసే ముఖద్వారం, పడమట బకింగ్‌హాం కాలువ, ఆ వెనక మణలి కర్మాగారాల పొగగొట్టాలు. వీటి నడుమ సన్నని నేల మీద మత్స్యకారుల కుప్పాలు, కార్మికుల ఇళ్ళు, రైలు పట్టాలు. అశోక్ లేలాండ్ లారీలు పుట్టిన ఊరు ఇదే. 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలైన కంపెనీ 1955లో ఆ పేరు పెట్టుకుంది. ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రం 1970లో మొదలైంది. దాని సామర్థ్యం 450 మెగావాట్లు. మా నాన్న సూళ్ళూరుపేట పక్క పల్లె నుంచి వచ్చి 1971లో అక్కడ బొగ్గు విభాగంలో చేరారు. 2017లో ఆ కేంద్రాన్ని మూసేశారు. మా చిన్నతనంలో అమ్మ మేడ మీద వడియాలు పెడితే సాయంత్రానికి మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు పడేవి. అవి బూడిద రేణువులని తెలిసినా, "నూనెలో వేగితే అన్నీ ఒకటే" అనుకుని తినేసేవాళ్ళం.

మా ఊరికీ మన తెలుగు నేలకీ ఒక పాత బంధుత్వం వుంది. బకింగ్‌హాం కాలువలో మొట్టమొదట తవ్విన భాగం మద్రాసు నుంచి ఎన్నూరు వరకే, 1806లో, పదకొండు మైళ్ళు. తర్వాత దాన్ని ఉత్తరంగా పొడిగించారు. 1876-78 నాటి ఘోరమైన కరువులో కూలికి వచ్చిన జనం చేత తవ్వించిన భాగాలూ అందులో వున్నాయి. ఒకప్పుడు కోస్తా ఆంధ్ర నుంచి ధాన్యం, కట్టెలు పడవల్లో ఈ కాలువ మీదుగానే మద్రాసు చేరేవి. ఇప్పుడు పడవలు లేవు, రైళ్ళున్నాయి. ఎన్నూరులో ఎక్కితే గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటి తడలో దిగవచ్చు. తడ చేరితే ఆంధ్రా వచ్చినట్టే.

నా ఆదివారపు పెద్ద పరుగు ఆ కాలువ తవ్విన దారికి కాస్త తూర్పుగా, సముద్రపు ఒడ్డు రోడ్డు మీద సాగేది. ఎర్ణావూరు, తిరువొత్తియూరు, కాశిమేడు చేపల రేవు, రాయపురం, కోట, చివరికి నేపియర్ వంతెన. దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు. రాయపురం స్టేషన్ 1856 నాటిది. దక్షిణ భారతంలో మొట్టమొదటి రైలు బయలుదేరింది అక్కడి నుంచే. దాని స్తంభాలు కనబడగానే పదమూడు కిలోమీటర్లు దాటానని లెక్క.

ఈ రోడ్డు మీద రేవుకి వెళ్ళే కంటైనర్ లారీలు మైళ్ళ కొద్దీ బారులు తీరి వుంటాయి. తెల్లవారుఝామున డ్రైవర్లు బండి పక్కనే స్టవ్ వెలిగించి టీ కాచుకుంటూ వుంటారు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు బండ్లు బోలెడు. ఒక రోజు ఒకాయన నన్ను ఆపి, "ఏమైంది సార్, దొంగలా?" అని కంగారుగా తెలుగులోనే అడిగాడు. వ్యాయామం అని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఒంగోలు దాకా లోడు దించి రమ్మంటే ఇంతకంటే మంచి వ్యాయామం వుండదు" అని టీ గ్లాసు చేతిలో పెట్టాడు. ఆ పూట పరుగు అక్కడితో సరి.

షిఫ్టులూ, చద్దన్నమూ

మారథాన్ శిక్షణ పుస్తకాల్లో రాసినవన్నీ తొమ్మిది నుంచి అయిదు దాకా ఉద్యోగం చేసేవాళ్ళ కోసం రాసినవి. పద్దెనిమిది వారాలు, వారానికి నాలుగు రోజులు, దూరం మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వారానికి పదో వంతు కంటే ఎక్కువ పెంచవద్దంటారు. నాకేమో ఒక వారం ఉదయం షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రి షిఫ్టు ముగించుకుని ఆరింటికి బయటపడి, బూట్లు మార్చుకుని పరిగెత్తిన రోజులున్నాయి. నిద్ర లేని పరుగు పరుగు కాదని నెల రోజుల్లో తెలిసొచ్చింది. మోకాలు వాచి పది రోజులు మంచం ఎక్కాను. ఆ తర్వాత రాత్రి షిఫ్టు వారంలో రెండు రోజులే పరిగెత్తాలని నియమం పెట్టుకున్నాను.

తిండి విషయంలో మాత్రం మన ఇంటిని మించిన పాఠశాల లేదు. రంగురంగుల పొడులు, గొట్టాల్లో వచ్చే తీపి జిగురూ నా కడుపుకి పడలేదు. పరుగుకి ముందు రెండు ఖర్జూరాలు, ఒక అరటిపండు. దారిలో ఉప్పూ పంచదారా వేసిన నిమ్మకాయ నీళ్ళు. తిరిగొచ్చాక రాగి జావ, లేదంటే అమ్మ పెరుగు కలిపిన చద్దన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ. చక్కెరవాణ్ణి కనుక మందుకీ తిండికీ పరుగుకీ పొత్తు కుదిరేలా డాక్టరుగారి దగ్గర వేళలు రాయించుకున్నాను. జేబులో ఎప్పుడూ నాలుగు చాక్లెట్లు వుండేవి, చక్కెర పడిపోతే వేసుకోవడానికి.

మద్రాసు ఉక్కలో ఇంకో చిక్కుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. నీళ్ళలా కారిపోతుంది, అంతే. అది చూసి భయపడి వట్టి నీళ్ళు గడగడా తాగేయడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఉప్పు వేసుకుని కొంచెం కొంచెంగా తాగడమే మార్గం. మజ్జిగలో ఉప్పు వేసి బాటసారికి ఇచ్చిన మన పూర్వీకులకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

సైకిలు మీద తెలుగు

ఇంటికి దూరమవుతున్నానన్న బెంగ మాత్రం వుండేది. వారానికి ఒక్క ఆదివారం. అది కూడా ఉదయమంతా రోడ్డు మీదే గడిపి, మధ్యాహ్నం మంచం మీద శవంలా పడుకునేవాణ్ణి. "మీరు ఆరోగ్యం కోసం పరిగెడుతున్నారు, సరే. మేం ఎవరి కోసం కాచుకు కూర్చున్నాం?" అని ఒక రోజు మా ఆవిడ నెమ్మదిగానే అడిగింది. నెమ్మదిగా అడిగింది కాబట్టే గట్టిగా తగిలింది.

దానికి దారి చూపించింది మా అమ్మాయి. అప్పటికి పదకొండేళ్ళది. "నేను సైకిలు మీద నీ పక్కన వస్తా నాన్నా, నీళ్ళ సీసా నా దగ్గర పెట్టుకుంటా" అంది. అలా మొదలైంది. దానికి బళ్ళో తమిళం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడుతుందే గాని చదవలేదు, రాయలేదు. బయటి రాష్ట్రాల్లో వున్న మనందరి ఇళ్ళలోనూ వుండే కథే కదా. పరుగులో మాట్లాడగలిగితే వేగం సరిగ్గా వుందని గుర్తు. మాట్లాడలేకపోతే తగ్గించాలి. అందుకని మేమిద్దరం పరుగు పొడుగునా కబుర్లే. కిలోమీటరుకి ఒక అక్షరం చొప్పున ఆంధ్రా లారీల వెనక రాసిన రాతలు చూసి అది తెలుగు చదవడం నేర్చుకుంది. 'మళ్ళీ కలుద్దాం', 'నిదానమే ప్రధానం' దాని మొదటి పాఠాలు. "నాన్నా, నీ గురించే రాశారు చూడు" అని రెండోదాన్ని చూపించి నవ్వేది.

తిరువొత్తియూరులో త్యాగరాజస్వామి గుడి దగ్గర కాసేపు ఆగేవాళ్ళం. అక్కడ శివుడి పేరూ త్యాగరాజే. మన త్యాగరాజస్వామివారు ఈ ఊరికి వచ్చినప్పుడు అక్కడి అమ్మవారు త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు కట్టారు. వారి శిష్యులు వీణ కుప్పయ్యరుగారిది ఈ ఊరే. ఆ అయిదింటిలో 'దారిని తెలుసుకొంటి' ఒకటి. "తమిళ ఊళ్ళో తెలుగు పాట ఎలా వచ్చింది?" అని అడిగింది పిల్ల. "మనం వచ్చినట్టే" అన్నాను.

గాలి సంగతి

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. మా ఊళ్ళో పరిగెత్తడం మంచిదా చెడ్డదా అన్నది తేలని ప్రశ్న. పరిగెత్తే మనిషి కూర్చున్న మనిషి కంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. ఆ గాలిలో రెండున్నర మైక్రాన్ల కంటే సన్నని ధూళి వుంటే అది ఊపిరితిత్తుల లోతుకి వెళ్ళి కూర్చుంటుంది. ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40. లేచిన వెంటనే నేను చేసే మొదటి పని ఫోనులో మణలి గాలి అంకె చూడటం.

అంకెతో పాటు గాలి దిక్కూ చూడాలి. తెల్లవారుఝామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, అంటే మణలి పొగని మోసుకుంటూ వస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. అది కాస్త శుభ్రం, కాని ఎండ, లారీల రద్దీ. చల్లని వేళ గాలి చెడ్డది, మంచి గాలి వేళ ఎండ చెడ్డది. అంకె బాగా పెరిగిన రోజున పరుగు మానేసి మేడమెట్లు ఎక్కి దిగేవాణ్ణి. అటువంటి రోజుల్లో అమ్మాయిని రానిచ్చేవాణ్ణి కాదు. అది అలిగి, "మరి బళ్ళో ఆటల పీరియడ్‌లో పీల్చేది ఏ గాలి నాన్నా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాకు పరుగు మానుకునే వీలుంది. ఊపిరి మానుకునే వీలు ఎవరికుంది?

నీళ్ళు మోసే మనిషి

అలిగిన పిల్లని కథలతో మంచి చేసుకునేవాణ్ణి. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు మారథాన్ గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు పల్లెటూరివాడు. అతను నీళ్ళు మోసి అమ్ముకునే మనిషి. అప్పటి దూరం నలభై కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడున్న 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చి, 1921లో ఖాయమైంది. మన దేశంలో శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేశారు. వట్టి కాళ్ళతో పరిగెత్తడానికి పేరుపడ్డ ఆయన నెలకొల్పిన ఆ రికార్డు నలభై ఏళ్ళకి పైగా చెక్కుచెదరలేదు. ఇక ఫౌజా సింగ్‌గారి సంగతి తెలిసిందే. కొడుకు పోయిన దుఃఖంలో పరుగు పట్టుకుని, ఎనభై తొమ్మిదో ఏట మొదటి మారథాన్ పరిగెత్తి, నూరో ఏట 2011లో టొరంటోలో కూడా పూర్తి చేశారు. 2025లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

"నీళ్ళు మోసేవాడు గెలిచాడా! అయితే మన వీధిలో ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలతో పరిగెత్తే ఆంటీలందరూ గెలుస్తారు" అంది మా అమ్మాయి. ఆ మాటతో స్పిరిడాన్ లూయిస్ మా వీధివాడైపోయాడు.

ఆ డిసెంబరు

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. తీరం దాటింది మన బాపట్ల దగ్గరే అయినా, దాటే ముందు మద్రాసుని రెండు రోజులు ముంచేసింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అవి తీసేసరికి గోడల మీద నల్లని గీత మిగిలింది. మణలి వైపు నుంచి వరదనీటిలో కలిసిన నూనె, బకింగ్‌హాం కాలువ మీదుగా కొసస్థలైలోకి, ముఖద్వారంలోకి దిగింది. ఒకప్పుడు మన ధాన్యం పడవలు వచ్చిన కాలువే. పడవలు, వలలు, మడ చెట్ల మొదళ్ళు, గూడబాతుల రెక్కలు అన్నీ తారు పూసినట్టయ్యాయి. మత్స్యకారులు పడవల్లో కూర్చుని మగ్గులతో, బక్కెట్లతో నూనె తోడి డ్రమ్ముల్లో పోయడం నా కళ్ళారా చూశాను. ఆ వాసనకి తల పగిలిపోయేది.

నా పట్టికలో ఆ నెలలోనే ముప్పై రెండు కిలోమీటర్ల పరుగు వుంది. ముఖద్వారం వైపు వెళ్ళలేక దక్షిణంగా రాయపురం దాకా వెళ్ళి తిరిగొచ్చి, ఇంటి దగ్గర మిగతా దూరం పూర్తి చేశాను. వీధి మలుపులో రోజూ పలకరించే మత్స్యకారుడు ఒకాయన పడవకి ఆనుకుని కూర్చుని వున్నాడు. పని లేదు. చేప పట్టినా కొనేవాళ్ళు లేరు. ఆయన ముందు నుంచి రంగు బూట్లు వేసుకుని పరిగెత్తాలంటే సిగ్గేసింది. ఆగి పక్కన కూర్చున్నాను.

"ఆ పోటీలో నెగ్గితే ఎంతిస్తారు?" అని తమిళంలో అడిగాడు.

"నాలాంటి వాడికి ఏమీ ఇవ్వరన్నా. పరిగెత్తడానికి మనమే డబ్బు కట్టాలి."

"డబ్బు కట్టి పరిగెత్తుతావా!" అని పగలబడి నవ్వాడు. తుపాను తర్వాత ఆ మనిషి ముఖంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. పోటీకి కట్టిన రుసుము అక్కడే కిట్టుబాటయిందనుకున్నాను.

ఆ నెల అంతటితో వదలలేదు. డిసెంబరు 26, అర్ధరాత్రి కావస్తోంది. మా ఆవిడ దగ్గుతూ లేచింది. కళ్ళు మంట, గొంతులో సూదులు గుచ్చినట్టు. వీధిలో కేకలు. ఓడ నుంచి ఒక ఎరువుల కర్మాగారానికి అమోనియా తెచ్చే గొట్టం, సముద్రం అడుగున వేసింది, అది లీకయిందని తర్వాత తెలిసింది. ఆ క్షణాన తెలిసింది ఒక్కటే, ఇక్కడి నుంచి వెళ్ళిపోవాలి. అమోనియా నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. ఎప్పుడో చదివిన ఆ ముక్క గుర్తొచ్చి తువ్వాళ్ళు తడిపి అందరి ముక్కులకీ కట్టాను. "సునామీ వచ్చింది కూడా ఇదే తారీఖున అబ్బయా" అంది అమ్మ వణుకుతూ. నిజమే. 2004లో అదే డిసెంబరు 26.

వున్నది ఒక్క స్కూటరు. మా ఆవిడ నడిపింది. మధ్యలో పిల్ల, వెనక అమ్మ. నాకు చోటు లేదు. "మీరు?" అంది. "నాకేం, వస్తాను పద" అన్నాను. ఆటోలు, బండ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, అందరూ తిరువొత్తియూరు వైపే. స్కూటరు ఎర్రదీపం కనబడినంత మేర దాని వెనకే పరిగెత్తాను. దారిలో ఒక ముసలాయన కూలబడిపోతే నేనూ ఇంకో కుర్రాడూ చెరో చెయ్యి పట్టి రెండు వీధులు నడిపించి ఆటో ఎక్కించాం. విమ్కో నగర్‌లో చుట్టాల ఇల్లు చేరేసరికి గుమ్మంలో మా అమ్మాయి నిలబడి వుంది, చేతిలో నీళ్ళ సీసా. ప్రతి ఆదివారం నాకు అందించే సీసాయే. ఇంత గొడవలోనూ అది మర్చిపోలేదు.

ఆ రాత్రి గడియారం పెట్టుకోలేదు. ఎంత దూరమో, ఎంతసేపో లెక్క లేదు. పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. మేం దగ్గుతో బయటపడ్డాం. తెల్లవారాక కర్మాగారం ముందు జనం కూర్చున్నారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను, మర్నాడు కూడా.

నేపియర్ వంతెన నుంచి

జనవరి 6న పోటీ. మధ్యలో పదకొండు రోజులే. డాక్టరుగారు ఛాతీకి గొట్టం ఆనించి విని, ఫోటో తీయించి చూసి, "పరిగెత్తవచ్చు, పోటీ పడకూడదు. దగ్గు వస్తే ఆగిపోవాలి" అన్నారు. మానేద్దామా అని మూడు రాత్రులు ఆలోచించాను. ఇంటా బయటా ఇన్ని కష్టాలుండగా ఇదేం సరదా? చివరికి మా ఆవిడ తేల్చింది. "ఆరు నెలలు మా ఆదివారాలన్నీ పెట్టుబడి పెట్టాం. వడ్డీ అయినా తీసుకురండి."

ముందు రోజు రాత్రి తిరువల్లిక్కేణిలో మామయ్యగారి ఇంట్లో పడుకుని, చీకటితోనే నేపియర్ వంతెన చేరుకున్నాను. 2006లో ఏర్పడిన చెన్నై రన్నర్స్ సంఘం వాళ్ళ ఆధ్వర్యంలో జరిగే ఈ పోటీకి వేలమంది వస్తారు. మెరీనా పక్కన అంతమంది ఒకేసారి అడుగులు వేస్తుంటే సముద్రపు హోరు వినబడలేదు. సగం దూరం రెండు గంటల నలభై నిమిషాలకి దాటాను. ముప్పైయ్యో కిలోమీటరు దగ్గర, అందరూ చెప్పే గోడ అడ్డం వచ్చింది. ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ అయిపోతే కాళ్ళు మనవి కానట్టుంటాయి. విచిత్రం చూడండి, చక్కెర ఎక్కువై పరుగు మొదలుపెట్టినవాడు చక్కెర చాలక నిలబడిపోయాడు!

ఆగి, చాక్లెట్టు నోట్లో వేసుకుని నడిచాను. వందడుగుల నడక, రెండు వందల అడుగుల పరుగు. ముందు వాళ్ళని చూడటం మానేసి ఒక ఎర్రదీపాన్ని తలుచుకున్నాను. అది కనబడుతున్నంతసేపు పరిగెత్తగలనని నాకు తెలుసు. అయిదు గంటల నలభై ఒక్క నిమిషాలకి గీత దాటాను. నా కంటే ముందు దాటినవాళ్ళు ఎంతమందో లెక్క అనవసరం. నా దగ్గు మాత్రం దాటలేదు.

చివరి మాట

ఇప్పుడూ పరిగెడుతూనే వున్నాను, ఇంత దూరాలు కాదు. చక్కెర 6.4కి దిగింది. కాని ఈ వ్యాసం మందుచీటీ కాదు. మీలో ఎవరికైనా ముచ్చట పుడితే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నడకతో మొదలుపెట్టండి. మీ ఊరి గాలి అంకె చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఎవరినైనా సైకిలు మీద వెంటపెట్టుకోండి. పిల్లలతో గంట సేపు తెలుగు మాట్లాడటానికి ఇంతకంటే మంచి సాకు నాకు తెలియదు. మా అమ్మాయి ఇప్పుడు ఈ పత్రిక తనంతట తానే చదువుకుంటుంది. ఈ వ్యాసంలో అచ్చుతప్పులుంటే ముందు పట్టుకునేది అదే.

ఒక్క సంగతి మాత్రం పరుగుతో తీరేది కాదు. ఒంటి బాగు కోసం ఎవరి పాట్లు వాళ్ళు పడవచ్చు. కాలువ బాగు కోసం, గాలి బాగు కోసం అందరం కలిసి కూర్చోవలసిందే, అడగవలసిందే. పోటీకి ముందు కర్మాగారం ఎదట కూర్చున్న ఆ రెండు రోజుల్ని కూడా నా శిక్షణలోనే లెక్క వేసుకుంటాను.

ఆ రోజు పతకం మెళ్ళో వేసుకుని మధ్యాహ్నం ఇంటికి చేరాను. గుమ్మం మీద అమ్మ కూర్చుని వుంది. పతకాన్ని తిప్పి చూసి, బరువు చూసి, పెదవి విరిచింది.

"అంత దూరం పరిగెత్తి ఏం తాగొచ్చావు అబ్బయా, పాలా?"

"కాదమ్మా, నీళ్ళే. దారి పొడుగునా పిల్లలు నిలబడి అందించారు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, గ్లాసు నిండా పాలు తెచ్చింది. పంచదార వేయకుండా.